చేతులు కడిగే నల్లా ఎక్కడుంది?

వంటశాల సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

హోటళ్లు, మెస్సులు, కేటరింగ్ వంటశాలల్లో శుభ్రత గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. తినేవాళ్ల ఫిర్యాదులే ఎక్కువగా వస్తాయనుకున్నాం గాని, హైదరాబాద్ నలుమూలల నుంచి వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, చిన్న హోటళ్లు నడిపేవాళ్లు కూడా రాశారు. ముందుగా వారి ప్రశ్నలకు చోటిస్తున్నాం. ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. దోసె మాస్టర్‌తో కలిపి నలుగురు పనివాళ్లున్నారు. చేతులు కడుక్కోండని రోజూ చెబుతూనే ఉంటాను. గోడ మీద బొమ్మల కాగితం కూడా అంటించాను. రెండు రోజులు కడుగుతారు, మూడో రోజు మళ్లీ మామూలే. పొద్దున స్నానం చేసే వచ్చాం కదమ్మా అంటారు. వాళ్లకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: నచ్చజెప్పడానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. రేపు ఉదయం రద్దీ బాగా ఉన్నప్పుడు మీ దోసె మాస్టర్ నిలబడే చోట మీరు నిలబడి, అక్కడి నుంచి చేతులు కడుక్కునే నల్లా దాకా నడిచి చూడండి. దారిలో ఎంతమందిని తప్పుకోమనవలసి వచ్చింది, నల్లా కింద ఎంగిలి ప్లేట్ల గుట్ట ఉందా, అందుబాటులో సబ్బు ఉందా, కడుక్కున్న చేతులు తుడుచుకోవడానికి ఏముంది అన్నవి గమనించండి. మన చిన్న హోటళ్లలో చాలావాటికి ఉండేది ఒకే సింకు. ప్లేట్లు, కూరగాయలు, బియ్యం అన్నీ అందులోనే కడుగుతారు, చేతులు కూడా అక్కడే కడుక్కోవాలి. పెనం మీద దోసెలు కాలుతుండగా, ఎదురుగా టోకెన్లు పట్టుకొని జనం నిలబడి ఉండగా, మాస్టర్ అవన్నీ వదిలి వెనక్కి వెళ్లి, ప్లేట్లు జరిపి, చేతులు కడుక్కొని వస్తాడని ఆశించడం న్యాయం కాదు. బొమ్మల కాగితం పని చేయకపోవడానికి కారణం వాళ్ల నిర్లక్ష్యం కాదని, ఆ కాగితం చెప్పిన పని చేయడానికి తగిన చోటు అక్కడ లేకపోవడమేనని నా నమ్మకం.

కాబట్టి పెనానికి చెయ్యి చాచినంత దూరంలో చేతుల కోసమే ఒక నల్లా పెట్టించండి. పైపు లాగే వీలు లేకపోతే, అడుగున నల్లా ఉన్న ఇరవై లీటర్ల డబ్బాను ఒక స్టాండు మీద పెట్టి, కింద బకెట్ ఉంచి, పక్కన నొక్కితే వచ్చే ద్రవ సబ్బు సీసా పెడితే సరిపోతుంది. ఎండాకాలంలో నీళ్లు రాని రోజుల్లోనూ, ట్యాంకర్ ఆలస్యమైన రోజుల్లోనూ ఈ డబ్బా మాత్రం నిండుగా ఉండాలి, దాన్ని నింపే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఆహార పదార్థాలను ముట్టుకునేవారికి చేతులు కడుక్కునే ఏర్పాటు చేయడం యజమాని విధి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనలు, వాటి నాలుగో షెడ్యూలు ఈ సంగతిని స్పష్టంగా చెబుతున్నాయి.

ఇక స్నానం మాట. ఉదయం చేసిన స్నానం శరీరానికి మంచిదే, మడి కట్టుకొని వండే ఇళ్లలో దానికున్న గౌరవమూ వేరే. కానీ చేతుల శుభ్రత గంట గంటకూ మారిపోయేది. ఒక టిఫిన్ సెంటర్లో నేను దగ్గర నిలబడి చూసిన దృశ్యం చెబుతాను. మాస్టర్ తడి మసిగుడ్డతో పెనం అంచు తుడిచాడు, అదే గుడ్డతో బల్ల తుడిచాడు, నుదుటి చెమట భుజం మీది తువ్వాలుతో ఒత్తుకున్నాడు, ఒకాయన ఇచ్చిన నోటు అందుకొని చిల్లర ఇచ్చాడు, మోగుతున్న సెల్‌ఫోన్ కట్టేశాడు, ఆ చేత్తోనే తరిగిన ఉల్లిపాయలు పిడికెడు తీసి ఊతప్పం మీద చల్లాడు. అక్కడి దాకా భయపడనవసరం లేదు, ఆ ఊతప్పం ఇంకా పెనం మీద కాలుతుంది. కానీ తర్వాత అదే చేయి కొబ్బరి చట్నీ గిన్నెలోకి జారిన గరిటెను వేళ్లతో పైకి తీసింది. ఆ చట్నీ ఇక నిప్పు మొహం చూడదు.

మీ పనివాళ్లకు అన్నిటికన్నా ముందు చెప్పవలసిన సూత్రం ఇదే. ఇక నిప్పు మీదికి వెళ్లని ప్రతి పదార్థాన్నీ తాకే ముందు చేతులు కడిగి ఉండాలి. చట్నీ, సాంబారు గిన్నె, బిర్యానీతో ఇచ్చే ఉల్లిపాయ ముక్కలు, రైతా, పానీపూరీలో నింపే మసాలా, కోసిన పండ్లు, ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. రంజాన్ నెలలో హలీం భట్టీ మీద వేడివేడిగా ఉడుకుతూనే ఉంటుంది గనుక అందులో పెద్దగా భయం లేదు. గిన్నెలో పోశాక పైన చల్లే వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మచెక్క ఏ చేతితో వేస్తున్నారన్నదే అక్కడ చూడవలసింది.

చేతులు ఎప్పుడెప్పుడు కడగాలన్న జాబితా పెద్దది చేస్తే ఎవరూ పాటించరు. పనిలోకి దిగేముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక, పచ్చి మాంసమో గుడ్లో ముట్టుకున్నాక, డబ్బు, ఫోను, చెత్తబుట్ట తాకాక, ముక్కు చీదినా దగ్గినా తుమ్మినా, ఎంగిలి ప్లేట్లు తీశాక కడుక్కోవాలి. డబ్బు విషయం మీ చేతిలోనే ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి వడ్డనకు రాకుండా, వడ్డించే మనిషి నోటు ముట్టుకోకుండా పని విడదీస్తే, రద్దీ వేళ కడగవలసిన సందర్భాలు చాలా తగ్గుతాయి. కడిగే పద్ధతి కష్టమేమీ కాదు. చేతులు తడిపి, సబ్బు రాసి, అరచేతులు, చేతుల వెనకవైపు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల మొనలు కనీసం ఇరవై సెకన్లు రుద్ది, పారే నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరేలా తుడుచుకోవాలి. ఈ తుడుచుకోవడాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. తడి చేతి నుంచి క్రిములు తేలిగ్గా అంటుకుంటాయి. కడిగిన చేతిని మళ్లీ భుజం మీది తువ్వాలుకో, నడుముకు చుట్టిన గుడ్డకో రాస్తే కడిగిన ఫలమంతా పోతుంది. కాగితపు రుమాళ్లు పెట్టండి, లేదా మనిషికి రెండు చిన్న గుడ్డలిచ్చి రోజూ ఉతికించండి.

మసిగుడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏ వంటింట్లోనైనా అన్నిటికన్నా మురికిగా ఉండగల వస్తువు అదే, ఎందుకంటే అది ఎప్పుడూ తడిగా, వెచ్చగా, ఆహారపు తునకలతో ఉంటుంది. బల్లకు ఒకటి, పెనానికి ఒకటి వేరుగా ఉంచండి. సబ్బుతో ఉతికిన తర్వాత, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణాన్ని లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపి కాసేపు నానబెట్టి ఆరేయండి. ఆ ద్రావణాన్ని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

పనివాళ్లకు మాటలతో చెప్పడం కన్నా ఒకసారి చూపించండి. కాస్త వంటనూనెలో దాల్చినచెక్క పొడి కలిపి అందరి చేతులకూ రాసి, మామూలుగా ఎలా కడుగుతారో అలాగే కడగమనండి. తర్వాత వెలుతురులో చేతులు చూసుకుంటే బొటనవేలి మొదట్లో, గోళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో గోధుమరంగు పొడి కనబడుతుంది. ఈ ప్రయోగం మీరు కూడా వాళ్లతో కలిసి చేయండి, పైనుంచి చెబుతున్నట్టు ఉండదు. అదే రోజు ఇంకొక అలవాటు గురించి కూడా మాట్లాడండి. సాంబారు అరచేతిలో పోసుకొని రుచి చూసి, ఆ చేతిని నాలుకతో తుడుచుకొని మళ్లీ పనిలో పడడం మన వంటవాళ్లలో చాలామందికి ఉంది. రుచి చూడడానికి కొన్ని చెంచాలు, వాడినవి వేయడానికి ఒక గ్లాసు పెనం పక్కనే పెడితే ఆ అలవాటు దానంతటదే మారుతుంది.

ప్రశ్న: మియాపూర్‌లో మా ఇంటి దగ్గర పానీపూరీ బండి అతను ఈమధ్య చేతికి గ్లౌజు వేసుకుంటున్నాడు. బల్ల మీద శానిటైజర్ సీసా కూడా ఉంది. ఇక పిల్లలను ధైర్యంగా తీసుకెళ్లవచ్చా?

జవాబు: గ్లౌజు వేసుకోవాలన్న ఆలోచన అతనికి వచ్చినందుకు సంతోషించాలి. కానీ ఆ గ్లౌజును కాసేపు గమనించండి. దానితోనే డబ్బు తీసుకుంటున్నాడా, దానితోనే ఫోన్లో చెల్లింపు వచ్చిందో లేదో చూసుకుంటున్నాడా, సాయంత్రం నుంచి రాత్రి దాకా అదే గ్లౌజు ఉంటోందా? అలా అయితే ఆ గ్లౌజుకూ కడగని చేతికీ తేడా లేదు. నిజానికి వట్టి చేతికి జిగట అంటితే మనిషికి తెలుస్తుంది, కడుక్కోవాలనిపిస్తుంది. గ్లౌజు ఉన్నప్పుడు ఆ స్పర్శ తెలియదు గనుక కడగడం కూడా మానేస్తారు. లోపల చేతికి చెమట పడుతుంది, పలచటి ప్లాస్టిక్‌కు కంటికి కనబడని చిల్లులు పడతాయి. చేతులు కడుక్కున్నాకే గ్లౌజు వేసుకోవాలి, పని మారినప్పుడల్లా మార్చాలి. అది సాధ్యం కాని బండి మీద, శుభ్రంగా కడిగిన చేయి, ఒక పట్టకారు లేదా గరిటె ఉంటే నేను వాటినే మెచ్చుకుంటాను.

శానిటైజర్ సంగతి కూడా ఇలాంటిదే. 60 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఆల్కహాల్ ఉన్నది, పొడిగా, మురికి లేకుండా ఉన్న చేతి మీద బాగా పని చేస్తుంది. నూనె, పిండి, మసాలా అంటుకున్న చేతి మీద దాని ప్రభావం తగ్గిపోతుంది. పైగా వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ వంటి వాటిని అది సరిగా చంపలేదు. వాటిని వదిలించేది సబ్బూ, పారే నీళ్లే. కాబట్టి వంట చేసే చోట శానిటైజర్ చేతులు కడిగాక అదనపు జాగ్రత్తగా పనికొస్తుందే తప్ప కడగడానికి బదులు కాదు.

పానీపూరీలో చేతికన్నా ముందు అడగవలసింది నీళ్ల గురించి. ఆ పుల్లటి నీళ్లు ఏ నీటితో కలిపారు, అందులో వేసిన ఐసు ఎక్కడిది అన్నవి అతన్నే మర్యాదగా అడగండి. చేపలు, ఇతర సరుకులు నిల్వ చేయడానికి వాడే, తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో ఆదేశించింది. నీలంగా ఉన్న ఐసు ఏ పానీయంలో కనిపించినా తాగకండి.

ప్రశ్న: మేడమ్‌గారూ, నేను అమీర్‌పేటలో ఒక హాస్టల్ మెస్‌లో వంట సహాయకుడిగా పని చేస్తున్నాను. మొన్న రెండు రోజులు విరేచనాలయ్యాయి. రాకపోతే జీతం కోస్తామన్నారు గనుక మాత్ర వేసుకొని వెళ్లి చపాతీలు చేశాను. నా వల్ల ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని భయంగా ఉంది. నేను చేసింది తప్పా?

జవాబు: నాయనా, ఆ ప్రశ్న అడిగినందుకు ముందు నీకు కృతజ్ఞతలు. నువ్వు ఆ రోజు పనికి వెళ్లకూడదన్నది నిజం. వెళ్లక తప్పని పరిస్థితి కల్పించిన తప్పు మాత్రం నీది కాదు.

వాంతులు, విరేచనాలు ఉన్నవారు ఆహారం ముట్టుకోకూడదు. అవి పూర్తిగా ఆగిన తర్వాత కూడా 48 గంటలు వంటకూ వడ్డనకూ దూరంగా ఉండాలి, ఎందుకంటే బాగానే ఉందనిపించినప్పటికీ మలం ద్వారా క్రిములు బయటికి వస్తూనే ఉంటాయి. మాత్ర వేసుకుంటే విరేచనాలు ఆగవచ్చు గాని క్రిములు పోయినట్టు కాదు. టైఫాయిడ్, కామెర్లు వచ్చినవారు డాక్టరు పరీక్షించి సరేనన్నాకే మళ్లీ వంటశాలలోకి రావాలి. ఈసారి అలా అయితే ఓఆర్‌ఎస్ నీళ్లు తాగుతూ విశ్రాంతి తీసుకో. జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లు. కడుపు సంగతే కాదు, వేలికి గోరుచుట్టు లేచినా, చేతి మీద సెగ్గడ్డ, చీము పట్టిన గాయం ఉన్నా చెప్పాలి. ఆ చీములో ఉండే స్టెఫైలోకాకస్ అనే క్రిమి అన్నంలోనో పాల పదార్థంలోనో పడి పెరిగితే విషం తయారు చేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. చిన్న కోత అయితే నీళ్లు దిగని పట్టీ వేసి, పైన గ్లౌజు తొడుక్కొని పని చేయవచ్చు. వంటశాలల్లో ఆ పట్టీ నీలం రంగుది వాడితే మంచిది, జారి పిండిలో పడినా కంటికి కనబడుతుంది.

ఈ ఉత్తరం మెస్ యజమానులు కూడా చదువుతారన్న ఆశతో ఒక పాత సంగతి చెబుతాను. న్యూయార్క్ నగరంలో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమె వండిపెట్టిన ఇళ్లలో ఒకదాని తర్వాత ఒకదానిలో టైఫాయిడ్ వచ్చింది. 1907లో జార్జ్ సోపర్ అనే పరిశోధకుడు ఆ ఇళ్లన్నిటినీ కలిపే మనిషి ఆమేనని గుర్తించాడు. ఆమెకు మాత్రం జ్వరం లేదు, నలత లేదు. జబ్బు లక్షణాలు లేకుండానే క్రిములు మోసే మనుషులుంటారని జనానికి ఆమె వల్ల బాగా తెలిసింది. మూడేళ్లు నిర్బంధంలో ఉంచి, ఇక వంట చేయనన్న మాట తీసుకొని 1910లో వదిలారు. బట్టలు ఉతికే పనిలో వంటపనికి వచ్చినంత జీతం రాలేదు. ఆమె పేరు మార్చుకొని మళ్లీ వంటలోనే చేరింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆమె వండుతుండగా 25 మందికి టైఫాయిడ్ సోకింది. ఆ తర్వాత 1938లో చనిపోయేదాకా ఆమెను నిర్బంధంలోనే ఉంచారు. ఈ కథను ఆమె మొండితనానికి ఉదాహరణగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అందులో కనిపించేది వేరు. వంట మానమని ఆజ్ఞాపించినవారు ఆమె బతుకుతెరువు గురించి తగినంత ఆలోచించలేదు.

మన హాస్టల్ మెస్సులో జరిగేది కూడా అదే. రెండు రోజుల కూలి మిగుల్చుకోవడానికి జబ్బుమనిషి చేత చపాతీ పిండి కలిపిస్తే, ఆ చపాతీలు తినేది పోటీ పరీక్షలకు ఊళ్ల నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలు. యజమానులారా, కడుపు బాగాలేదని చెప్పిన మనిషికి జీతం కోయకుండా సెలవివ్వండి, లేదా ఆహారం తాకని పని ఇవ్వండి. జబ్బు దాచుకోవలసిన అవసరం లేని చోటే మనిషి నిజం చెబుతాడు. ఆహారం ముట్టుకునే ప్రతి పనివాడికీ ఏడాదికొకసారి డాక్టరు చేత ఆరోగ్య పరీక్ష, టైఫాయిడ్ వంటి జబ్బులకు టీకాలు చేయించి ఆ పత్రాలు భద్రపరచాలని, మొదటి జవాబులో చెప్పిన 2011 నిబంధనల నాలుగో షెడ్యూలు చెబుతోంది. ఆ పత్రం ఉంది కదా అని ఊరుకోకూడదు, పరీక్ష చేయించిన మర్నాడే కడుపు పాడవవచ్చు. ప్రతి ఉదయం పని మొదలయ్యే ముందు మేస్త్రీ ఒక్కొక్కరినీ ఒళ్లెలా ఉందని అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.

ప్రశ్న: ఎల్బీ నగర్‌లో ఇంటి నుంచే చిన్న ఫంక్షన్లకు వంట ఆర్డర్లు తీసుకుంటున్నాను. తెల్లవారుజామున అన్నం, కూరలు వండి పెడితే తినేసరికి ఒంటిగంట, రెండు అవుతోంది. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు గాని, వినేవన్నీ విని భయమేస్తోంది. మిగిలిన అన్నం పేదలకు పంచాలని కూడా ఉంది. ఏ జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: అన్నం ఉడికిందంటే క్రిములన్నీ చచ్చినట్టేనన్నది మనందరి నమ్మకం. అయితే బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి సిద్ధబీజాల రూపంలో, అంటే గట్టి పొర కప్పుకొని నిద్రాణంగా, ఉంటుంది. ఆ బీజాలు ఉడుకుకు చావవు. అన్నం మెల్లగా చల్లారుతూ గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నప్పుడు అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషమూ మళ్లీ వేడి చేస్తే పోయేది కాదు. పెద్ద దేగిశాల్లో మూతపెట్టిన మాంసం కూరలు, దాల్చాల అడుగున ఇంకొక రకం క్రిమి, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్, ఇదే తీరున పెరుగుతుంది. ఇక్కడ చేతులెంత కడిగినా లాభం లేదు, చూడవలసింది వేడీ, సమయమూ.

5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల దాకా క్రిములు పెరిగే వేడి. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల పైన ఉంచండి, లేదా త్వరగా చల్లార్చి 5 డిగ్రీల కిందికి తెండి. మధ్యలో ఉంచకండి. పొడవాటి ముల్లున్న వంటల థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. దేగిశా మధ్యలో గుచ్చి చూస్తే, పైన ఆవిరి కనబడుతున్నా లోపల ఎంత చల్లబడిందో తెలుస్తుంది. ముందురోజు వండి నిల్వ చేయవలసి వస్తే లోతైన పాత్రలో వదలకుండా, వెడల్పాటి పళ్లేల్లో రెండు అంగుళాల మందాన పరిచి, రెండు గంటల్లో 21 డిగ్రీలకూ, మరో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకూ దించాలి. వడ్డించే ముందు కలుపుతూ లోపలి దాకా 75 డిగ్రీలు వచ్చేలా వేడి చేయాలి. మీ విషయంలో అయితే అన్నిటికన్నా తేలికైన మార్గం అన్నం చివర వండడం. కూరల మసాలా, తరుగుడు తెల్లవారుజామున చేసుకొని, అన్నం పదకొండున్నరకు దించేలా పని సర్దుకుంటే, వేడి నిలిపే డబ్బాల్లో తీసుకెళ్లి వేడిగానే వడ్డించవచ్చు. మే నెల ఎండల్లో బయట ఉంచిన ఆహారం గంటకు మించి నమ్మదగింది కాదు. మిగిలిన అన్నం పేదలకు పంచాలన్న మీ ఉద్దేశం మంచిదే, అయితే మనం తినడానికి వెనకాడేది వాళ్లకూ పెట్టకూడదు.

ప్రశ్న: మయొనైజ్ మీద నిషేధం దేనికి పెట్టారు? గుడ్డు తినకూడదా?

జవాబు: గుడ్డు నిక్షేపంగా తినవచ్చు, ఉడికించి. నగరంలో మోమోలు తిన్నవారు చాలామంది అస్వస్థులై ఒక మహిళ మరణించిన తర్వాత, మోమోల వంటి వాటితో నంజుకునే, పచ్చి గుడ్లతో చేసే చిక్కటి సాస్ అయిన మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో, పెంకు మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండే అవకాశముంది. మయొనైజ్‌ను పొయ్యి మీద పెట్టరు, చేసిన తర్వాత బల్ల మీద గంటల తరబడి ఉంచుతారు. నిషేధపు గడువు ఏదైనా, ఆ ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. గుడ్డు లేకుండా చేసినదో, పాశ్చరైజ్ చేసిన (వేడితో క్రిములను చంపిన) గుడ్డుతో చేసినదో కొని, ఫ్రిజ్‌లో ఉంచి వాడండి. గుడ్లు పగలగొట్టిన చేతితో మరో పదార్థం ముట్టుకోకండి.

ప్రశ్న: మిర్చి బజ్జీలు పేపర్లో చుట్టి ఇస్తున్నారు. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. నూనెకు అచ్చు సిరా కరిగి బజ్జీకి అంటుతుంది. ఆ పేపర్ ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టడం నిబంధనలకు విరుద్ధం. ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లండి.

ప్రశ్న: ఒక హోటల్ వంటగది చాలా మురికిగా ఉండడం చూశాను. ఎవరికి చెప్పాలి? సెల్‌ఫోన్‌తో వీడియో తీసి అందరికీ పంపమని మిత్రులంటున్నారు.

జవాబు: వీడియో పంపడం వల్ల ఆ హోటల్‌కు వచ్చేవాళ్లు నాలుగు రోజులు తగ్గుతారు, వంటగది మాత్రం మారదు. ముందు యజమానికి చెప్పండి, చాలాచోట్ల అంతటితోనే పని అవుతుంది. కాకపోతే గోడకు ఉండవలసిన 14 అంకెల లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబరు రాసుకొని, తేదీ, సమయం, చూసినదేమిటో స్పష్టంగా రాసి, ఆ ప్రాంత మున్సిపల్ కార్పొరేషన్ ఆహార భద్రత అధికారికి గాని, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గాని ఫిర్యాదు చేయండి. అపరిశుభ్రమైన చోట ఆహారం తయారు చేసినందుకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. లోపాలు సరిదిద్దుకోమని నోటీసు ఇచ్చే అధికారం కూడా ఉంది. నా దృష్టిలో ఆ నోటీసే ఎక్కువ ఉపయోగకరం. కొన్న పదార్థం మీదే అనుమానం ఉంటే, రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్ (ఆహారాన్ని పరీక్షించే అధికారి) చేత పరీక్ష చేయించుకునే హక్కు అదే చట్టంలోని 40వ సెక్షన్ మీకు ఇస్తోంది. అయితే పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి.

ప్రశ్న: మేము తార్నాక దగ్గర డిగ్రీ చదువుతున్న విద్యార్థులం. అక్టోబరు 15న ప్రపంచ చేతుల శుభ్రత దినం సందర్భంగా మా వీధిలోని తినుబండారాల బండ్ల దగ్గర అవగాహన కార్యక్రమం చేయాలనుకుంటున్నాం. ర్యాలీ, బ్యానర్లు, కరపత్రాలు అనుకున్నాం. కరపత్రంలో ఏ లెక్కలు వేయాలి?

జవాబు: లెక్క కావాలంటే ఒకటి ఇస్తాను. కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4,20,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. కానీ ఆ అంకె చదివి ఇడ్లీ బండి ఆమె చేయగలిగేదేముంది? ఆమెకు దగ్గరలో నల్లా లేదు, మరుగుదొడ్డి లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు బిందెల నీళ్లతోనే సాయంత్రం దాకా గడవాలి. బ్యానర్ ఖర్చుతో అడుగున నల్లా ఉన్న డబ్బాలు, ద్రవ సబ్బు సీసాలు కొనండి. ర్యాలీకి ముందు వారం వెళ్లి ఒక్కొక్క బండి దగ్గర కాసేపు కూర్చొని, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు, చేతులు ఎక్కడ కడుగుతున్నారు, వాడిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారు అని అడిగి రాసుకోండి. వాళ్ల వయసుకు తగ్గట్టు అక్కా, అన్నా, పెద్దమ్మా అని పిలిచి మాట్లాడండి. ఫొటోలు తీయకండి, మురికి అన్న మాట వాడకండి. ఆ రాసుకున్నదాన్ని అర్జీగా మార్చి, ఫలానా మూలన ఒక మంచినీటి నల్లా, ఒక మరుగుదొడ్డి కావాలని మున్సిపల్ కార్యాలయంలో ఇవ్వండి. ఈ అర్జీ మీద బండ్లవాళ్ల సంతకాలతో పాటు అక్కడ తినే మీ సంతకాలు కూడా ఉండాలి.

అక్టోబరు 15న దాల్చినచెక్క ప్రయోగం బండి యజమానుల చేత కాకుండా ముందు మీ స్నేహితుల చేత, తినడానికి వచ్చినవాళ్ల చేత చేయించండి. వేళ్లతో కలుపుకొని తినే మనకు, తినే చేయి కూడా వండే చేయి అంత ముఖ్యమే. బండి పక్కన తినేవాళ్ల కోసం కూడా ఒక డబ్బా, ఒక సబ్బు ఉంటే, అందరూ కడుక్కోవడం చూసి అమ్మేవారికీ అది మామూలు విషయమైపోతుంది. ముందుగా బడుల దగ్గరి బండ్లతో మొదలుపెట్టండి, చిన్నపిల్లలకు విరేచనాలైతే ఒంట్లో నీరు చాలా త్వరగా తగ్గిపోతుంది. నెల తర్వాత మళ్లీ వెళ్లి, సబ్బు అయిపోయిన చోట సీసా నింపండి, నల్లా కారుతున్న డబ్బా మార్చండి, అర్జీ ఎంతదాకా వచ్చిందో బండ్లవాళ్లకు చెప్పండి.